డిస్కు మారిస్తే బండి ఆగుతుందా?

పాత పికప్‌కు ఖరీదైన బ్రేకు డిస్కులు వేయించడం దండగా, పండగా? చక్రం విప్పి చూస్తేగానీ తేలని లెక్క ఇది.

బండికి పదకొండేళ్లు. ఫైనాన్సు ఎప్పుడో తీరిపోయింది. ఇంజను ఇంకా గట్టిగానే ఉంది. తెల్లారేసరికి మార్కెట్‌ యార్డులో కూరగాయలు దింపి, మధ్యాహ్నానికి మళ్లీ కిరాయికి సిద్ధమవుతుంది. పేచీ అంతా బ్రేకుతోనే. పెడల్ మీద కాలు పెడితే స్టీరింగు వణుకుతోంది. ఘాట్ సగం దిగేసరికి మాడిన వాసన. బండి ఓనరు, డ్రైవరు రెండూ తానే అయిన కుర్రాడు ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. ఒళ్లంతా చిల్లులు, వంపు తిరిగిన గాట్లు, తళతళలాడే డిస్కులు. "అన్నా, ఇవి వేయిస్తే కొత్త బండిలా బ్రేకు పడుద్దంట కదా?" అని మెకానిక్‌ను అడుగుతాడు. "వేద్దాంలే తమ్ముడూ, ముందు చక్రం విప్పనీ" అంటాడాయన.

విజయవాడ ఆటోనగర్లోనైనా, గాజువాక షెడ్లలోనైనా, ఏ జిల్లా కేంద్రంలోని మెకానిక్ దగ్గరైనా వినపడే ముచ్చటే ఇది. మన రోడ్ల మీద తిరిగే చిన్న సరుకు బండ్లలో చాలావాటికి, బొలేరో పికప్ కానివ్వండి, 2005లో వచ్చి 'చోటా హాథీ'గా పేరుపడ్డ టాటా ఏస్ కానివ్వండి, ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు. పాత జీపుల కాలంలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. డిస్కు ఆలోచన మాత్రం పాతదే. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్ 24 గంటల రేసును జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచాక ప్రపంచం దాన్ని నమ్మింది. రేసు గెలిపించిన సామాను కాబట్టి డిస్కు అనగానే రేసింగ్ కళ్లద్దాల్లోంచి చూడటం అలవాటైపోయింది. బస్తాలు మోసే బండికి ఆ కళ్లద్దాలు ఎంతవరకు పనికొస్తాయన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒక్కసారి ఆగడం వేరు, ఘాట్ దిగడం వేరు

బ్రేకు చేసే పని ఒక్కటే: వేగాన్ని వేడిగా మార్చి గాలిలో కలిపేయడం. బండీ లోడూ కలిపి 3 టన్నులనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి దాన్ని పూర్తిగా ఆపితే సుమారు 740 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. రెండు లీటర్ల పైచిలుకు చన్నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి అది. అందులో మూడింట రెండు వంతులు ముందు చక్రాలే మోశాయనుకుందాం. ఒక్కో డిస్కు బరువు 8 కిలోలైతే, ఆ ఒక్క ఆగుడుకు దాని వేడి పెరిగేది 60 డిగ్రీలు. అంతే. మామూలు పోతఇనుము డిస్కు దాన్ని నవ్వుతూ మోస్తుంది. హైవే మీద అడ్డంగా గేదె వచ్చినప్పుడు వేసే ఒక్క బ్రేకుకు డిస్కు సాదాదైనా చిల్లులదైనా తేడా కనపడదని చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు అదే బండిని అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దింపండి. అరకు ఉన్నది సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున. కింద మైదానంలోకి వచ్చేసరికి తగ్గే ఎత్తు ఎటు చూసినా 800 మీటర్లు. ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తిని లెక్కగడితే పైన చెప్పిన ఆగుడు లాంటివి 30కి పైగా ఒకదాని వెంట ఒకటి వేసినంత. టైర్ల రాపిడి కొంత, గాలి కొంత తీసుకుంటాయి. మిగిలింది ఇంజనూ బ్రేకులూ పంచుకోవాలి. డ్రైవరు డీజిలు ఆదా అనుకుని న్యూట్రల్ కొట్టాడా, ఇంజను వాటా కూడా బ్రేకు నెత్తినే పడుతుంది. పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్లలోనూ ఇదే కథ.

ఇంజను ఆపేసి దిగే మహానుభావులూ ఉన్నారు. పెడల్‌కు బలాన్నిచ్చే బూస్టరు వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది. డీజిలు బండ్లలో ఆ వ్యాక్యూమ్ తయారుచేసే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగాక రెండు మూడు బ్రేకులకు సరిపడా వ్యాక్యూమ్ మిగులుతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. అప్పుడు చక్రాల్లో ఏ దేశపు డిస్కులున్నా ఒరిగేదేమీ లేదు.

అంటే వేడి సమస్య నిజమే. పాత బండికి అది ఇంకా నిజం. మరి ఆ చిల్లుల డిస్కు ఈ వేడిని తగ్గిస్తుందా?

చిల్లులు, గాట్లు, పూతలు

బ్రేకు పట్టు మూడింటి మీద ఆధారపడుతుంది. ప్యాడ్‌కు డిస్కుకు మధ్య రాపిడి ఎంత, క్యాలిపర్ ప్యాడ్‌ను ఎంత బలంగా నొక్కుతోంది, ఆ నొక్కే చోటు చక్రం మధ్య నుంచి ఎంత దూరంలో ఉంది. అదే వ్యాసమున్న డిస్కు తీసి అదే వ్యాసమున్న డిస్కు వేస్తే రెండోదీ మూడోదీ మారవు. మొదటిదాన్ని ఎక్కువగా తేల్చేది ప్యాడ్ మిశ్రమం. డిస్కుకు చిల్లులు పెట్టినంత మాత్రాన పట్టు పెరగడానికి ఇందులో చోటెక్కడ?

చిల్లులు పుట్టిన కారణం వేరు. పాతకాలపు ప్యాడ్లు బాగా వేడెక్కితే వాటి జిగురు ఆవిరై ప్యాడ్‌కు డిస్కుకు మధ్య వాయువు పొరలా నిలిచేది. అది బయటపడటానికి రేసు కార్లలో చిల్లులు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లలో ఆ బాధ బాగా తగ్గింది. చిల్లు పెట్టడమంటే ఇనుము తీసేయడమే. ఇనుము తగ్గితే వేడిని దాచుకునే శక్తి తగ్గుతుంది. పైగా పదే పదే కాగి చల్లారే డిస్కులో పగులు మొదలయ్యేది చిల్లు అంచు నుంచే. ఒక చిల్లు నుంచి పక్క చిల్లుకు వెంట్రుకంత గీత కనపడిందంటే ఆ డిస్కు పని అయిపోయినట్టే. చవగ్గా అమ్మే చాలా డిస్కుల్లో మామూలు పోతకే తర్వాత డ్రిల్లు పెట్టి వదిలేస్తారు. లోడు బండికి, అందునా ఘాట్ ఎక్కిదిగే బండికి, వీటిని నేను ఏ పరిస్థితిలోనూ సిఫారసు చేయను.

గాట్ల డిస్కు సంగతి కొంచెం నయం. ప్యాడ్ ముఖం మీద గాజులా పేరుకునే మెరుపును ఆ గాట్లు గీకుతూ ఉంటాయి. బురదనీళ్లను, పొడిని పక్కకు తోస్తాయి. ఇనుము పెద్దగా పోదు కాబట్టి పగుళ్ల భయం తక్కువ. బదులుగా ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, బ్రేకు వేసినప్పుడల్లా చిన్న గురగుర వినిపిస్తుంది. రోజూ నిండు లోడుతో ఘాట్ దిగే బండికి, మిగతావన్నీ సరిగా ఉన్నాక, ఇది కొద్దిగా ఉపయోగపడొచ్చు. ఆ 'మిగతావన్నీ' అన్న మాట దగ్గరే అసలు కథంతా ఉంది.

మూడోది పూత డిస్కు. ప్యాడ్ తగిలే చోట కాకుండా మధ్య టోపీకి, అంచులకు, లోపలి గాలి దారులకు తుప్పు పట్టకుండా జింకు లాంటి పూత వేస్తారు. చూడ్డానికి బూడిద రంగులో సాదాగా ఉంటుంది, వీడియోలో మెరవదు. ఈ మూడింటిలో నాకు నచ్చింది ఇదే. ఎందుకో తర్వాత చెప్తాను.

నేరం వెనక చక్రాలది, శిక్ష ముందు డిస్కులకు

పాత పికప్‌లలో ముందు డిస్కులు మాడిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఎక్కువమంది పట్టించుకోనిది ఒకటుంది. ఇలాంటి చాలా బండ్లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దాని చివర ఒక వాల్వు ఉంటాయి. ఎల్‌ఎస్‌పీవీ అంటారు. బండి ఖాళీగా ఉంటే వెనక భాగం పైకి లేచి ఉంటుంది, వాల్వు వెనక బ్రేకులకు వెళ్లే ఆయిల్ ఒత్తిడిని తగ్గిస్తుంది. లేకపోతే తేలికైన వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. లోడు పడి వెనక భాగం కుంగితే కడ్డీ కదులుతుంది, వాల్వు తెరుచుకుని వెనక చక్రాలకూ నిండు ఒత్తిడి వెళ్తుంది. ముచ్చటైన ఏర్పాటు.

మనవాళ్లేం చేస్తారు? టన్నుంబావు మోయాల్సిన బండి మీద రెండు టన్నులు వేయడానికి వెనక కమాను పట్టీలు రెండు మూడు అదనంగా వేయిస్తారు. ఇక నిండు లోడు పడినా బండి కుంగదు. కుంగలేదు కాబట్టి కడ్డీ కదలదు. బండి ఇంకా ఖాళీగానే ఉందని వాల్వు అనుకుంటుంది. వెనక బ్రేకులకు సగం ఒత్తిడే వెళ్తుంది. రెండు టన్నుల లోడును ఆపే భారం ముందు డిస్కుల మీద పడుతుంది. అవి కాగుతాయి, నీలం రంగు తిరుగుతాయి, స్టీరింగు వణుకుతుంది. ఓనరు వచ్చి "డిస్కులు నాసిరకం, మంచివి వేయండి" అంటాడు. మంచివి వేసినా ఆరు నెలల్లో మళ్లీ అదే వరస.

కొన్ని బండ్లలో ఆ కడ్డీ బురదకు, తుప్పుకు బిగుసుకుపోయి ఉంటుంది. ఇంకొన్నింట్లో ఎవరో ఎప్పుడో ఊడదీసి తీగతో కట్టేసి ఉంటారు. పట్టీలు పెంచిన బండిలో కంపెనీ చెప్పిన కొలత ప్రకారం కడ్డీని మళ్లీ సరిచేయించాలి. అసలు పట్టీలు పెంచకుండా, రాసిచ్చిన లోడుకు మించకుండా నడపడం అన్నిటికన్నా చవక. కిరాయి గిట్టుబాటు కావాలంటే కుదరదంటారు, తెలుసు. కానీ బండీ లోడూ కలిపిన బరువు ఒకటిన్నర రెట్లయితే బ్రేకు కక్కాల్సిన వేడీ దాదాపు అన్ని రెట్లవుతుంది. ఏ డిస్కుల కంపెనీ కూడా ఈ లెక్కను మార్చలేదు.

వెనక డ్రమ్ముల సర్దుబాటు ఇంకో కత. లైనర్లు అరిగే కొద్దీ షూకు డ్రమ్ముకు మధ్య సందు పెరుగుతుంది. దానంతటదే సర్దుకునే ఏర్పాటు దుమ్ముకు పట్టేస్తే వెనక బ్రేకు నామమాత్రంగా మిగులుతుంది. పెడల్ కిందికి పోతుంది, పని మళ్లీ ముందు డిస్కులదే. డ్రమ్ము విప్పి, దుమ్ము తుడిచి, సర్దుబాటు చేసి పెడితే కొత్త డిస్కులు వేసినట్టు అనిపించే బండ్లు కోకొల్లలు. అన్నట్టు, ఆ దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు అది విషం. తడిగుడ్డతో తుడవడం మేలు.

డిస్కు వంగిందంటే నమ్మకండి

"డిస్కు బెండయింది" అన్న మాట ప్రతి షెడ్డులో వినపడుతుంది. వేడికి వంగిపోయి అప్పడంలా తిరుగుతోందని ఊహ. అమెరికన్ రేసు ఇంజనీరు కారల్ స్మిత్ ఈ ఊహ మీద పెద్ద యుద్ధమే చేశాడు. ఆయన వాదన ప్రకారం వంగిందనుకున్న డిస్కుల్లో చాలావాటి మీద జరిగేది వేరు. బాగా కాగిన ప్యాడ్ తన పదార్థాన్ని డిస్కు మీద ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అంటిస్తుంది. మందం సమంగా ఉండదు. తిరిగే డిస్కులో మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా వచ్చినా పెడల్‌కు తెలిసిపోతుంది. ఘాట్ దిగి, మాడిపోయే బ్రేకులతో చెక్‌పోస్టు దగ్గర పెడల్ తొక్కిపట్టి నిలబడటం ఈ మచ్చ పడటానికి మంచి దారి. అక్కడ గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు వేసి కాలు తీసేయాలి.

మచ్చ పడిన డిస్కును లేత్ మీద తిప్పించి నునుపు చేయించొచ్చు, మందం ఉంటే. కానీ నీలం తిరిగేంత కాగిన డిస్కులో ఇనుము కొన్నిచోట్ల గట్టిపడిపోయి ఉంటుంది. లేత్ మీద పైపైన నునుపైనా లోపలి గట్టి మచ్చ అలాగే ఉండి, కొన్ని వారాలకు వణుకు తిరిగొస్తుంది. అలాంటి డిస్కుకు లేత్ ఖర్చు కూడా దండగే.

మందం కొలవడంలో ఒక చిన్న కిటుకుంది. డిస్కు బయటి అంచున ప్యాడ్ తగలని చోట తుప్పుతో ఒక గట్టు లేస్తుంది. వెర్నియర్‌ను నేరుగా పెడితే దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తాయి. గట్టుకు లోపల, ప్యాడ్ అరగదీసిన దారిలో మైక్రోమీటరుతో ఆరేడు చోట్ల కొలవాలి. కనీసం ఎంత ఉండాలో డిస్కు టోపీ మీదో అంచు మీదో పోతలోనే అంకె వేసి ఉంటుంది. చాలా డిస్కులకు కొత్త మందానికీ ఆ కనీస మందానికీ తేడా 2 మిల్లీమీటర్లే. అంతకు తగ్గితే మారుమాట లేకుండా మార్చాలి.

కొత్త డిస్కు వేసేటప్పుడు నేను పక్కనే నిలబడి చూసేది హబ్బు ముఖం. పాత డిస్కు తీశాక అక్కడ ఎర్రటి తుప్పు పొలుసులు కట్టి ఉంటాయి, బోల్టుల మొదట్లో మరీ ఎక్కువ. హడావిడి షెడ్డులో దాని మీదే కొత్త డిస్కు కూర్చోబెట్టేస్తారు. పేపరంత పొలుసు ఒకటి కింద ఇరుక్కుంటే చాలు, బయటి అంచు దగ్గర డిస్కు అటూ ఇటూ ఊగుతుంది. మొదటి రోజు ఏమీ తెలియదు. ప్రతి చుట్టుకూ ప్యాడ్‌ను ఒకేచోట రాసుకుంటూ, కొన్ని వేల కిలోమీటర్లలో అక్కడ అరిగి, మళ్లీ వణుకు మొదలవుతుంది. అప్పుడు తిట్లు డిస్కు కంపెనీకి. వైరు బ్రష్షు, ఎమరీ కాగితం, పది నిమిషాల ఓపిక ఉంటే తీరే పని. హబ్ బేరింగులో లూజు ఉందేమో చేత్తో చక్రం ఊపి చూడటం కూడా అప్పుడే. తర్వాత పంక్చర్ షాపులో స్పానరుకు పైపు తొడిగి ఒక నట్టు పైకెక్కి తొక్కి, ఇంకోటి చేత్తో తిప్పి వదిలేస్తే డిస్కు మళ్లీ వాలుతుంది. నట్లు ఎదురెదురుగా, సమానంగా బిగించాలి.

పెడల్ ఏం చెబుతోంది

డిస్కు దుకాణానికి వెళ్లేముందు కాలికింద ఉన్న పెడల్‌ను అడగాలి. పెడల్ కొట్టుకుంటూ స్టీరింగు వణుకుతుంటే అనుమానం డిస్కు మీద, హబ్బు మీద. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే బూస్టరు, వ్యాక్యూమ్ పంపు, దాని గొట్టం చూడాలి. మెత్తగా స్పాంజిలా ఉంటే లైన్లలో గాలి. సిగ్నల్ దగ్గర తొక్కిపట్టినప్పుడు మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్లో వాషర్లు పోయాయి. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగితే ఆ వైపు బ్రేకు బాగా పడుతోందని కాదు, రెండో వైపు క్యాలిపర్ పిస్టనో, అది జారే పిన్నులో పట్టేసి ఉండొచ్చు. చక్రం దగ్గర మాడు వాసన, పక్క చక్రం కన్నా వేడి ఎక్కువైతే ప్యాడ్ వదలడం లేదు. పదేళ్లు దాటిన బండిలో రబ్బరు హోసు లోపలే ఉబ్బి, ఆయిల్‌ను పోనిచ్చి తిరిగి రానివ్వకుండా చేస్తుంది. పైకి చూస్తే హోసు భేషుగ్గా ఉంటుంది.

ఇన్ని లక్షణాల్లో డిస్కు మార్చితే తీరేది ఒక్కటే.

ఇక ప్యాడ్లు. ప్యాడ్ వెనక రేకు మీదో అంచునో కొన్ని అంకెలు, చివర్లో ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ లాంటి జంట అక్షరాలు ముద్రించి ఉంటాయి. అమెరికా నుంచి వచ్చిన పద్ధతి అది. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి, రెండోది బాగా కాగాక రాపిడి. ఈ అంటే 0.25 నుంచి 0.35 వరకు, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, జీ అంటే 0.45 నుంచి 0.55 వరకు. ఈఈ ప్యాడ్ తీసి ఎఫ్ఎఫ్ ప్యాడ్ వేస్తే పట్టులో తేడా కాలికి తెలుస్తుంది. బ్రేకు మెరుగుపరచాలంటే రూపాయికి ఎక్కువ ఫలితం వచ్చే చోటు ఇదే. అక్షరాలూ లేక, పేరూ లేక, అట్టపెట్టె మాత్రం షోరూము సామానులా ఉన్న ప్యాడ్లకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

బ్రేకు ఆయిల్ గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. డబ్బాలో తగ్గితే పోస్తారు, మార్చరు. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4కు అవే అంకెలు 230, 155. ఘాట్ మధ్యలో క్యాలిపర్ కాగి లోపలి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప ప్యాడ్లు కదలవు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని వార్తల్లో చదివే కొన్ని ప్రమాదాల వెనక ఉండేది ఇదే. చల్లారాక పెడల్ మామూలుగా ఉంటుంది కాబట్టి, తప్పు ఎక్కడుందో తర్వాత వెతికినా దొరకదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోసి ఎయిర్ తీయించాలి. వానలూ సముద్రపు గాలీ ఉన్న కోస్తాలో ఏడాదిన్నరకే చేయించినా తప్పులేదు.

అమెరికాలో ఎందుకు వేయిస్తారు మరి?

ఈ డిస్కుల వీడియోలు ఎక్కువగా వచ్చేది అమెరికా నుంచి. పికప్ అక్కడ ఇంటి బండి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కుగా ఉంటూ వస్తోంది. రోడ్డు మీద వాహనాల సగటు వయసు అక్కడ 12 ఏళ్లు దాటింది. పాత ట్రక్కును సొంతంగా ఇంటి గ్యారేజీలో బాగుచేసుకునే అలవాటు ఉంది. డిస్కులు, ప్యాడ్లు కలిపి కిట్లుగా దొరుకుతాయి. పడవనో, ట్రెయిలర్‌నో వెనక తగిలించుకుని కొండలు దిగేవాళ్లకు వేడి సమస్య నిజంగానే ఉంది. అక్కడ కూడా అనుభవజ్ఞులు చిల్లుల డిస్కుల్ని ట్రక్కులకు వద్దనే అంటారు. సరదా పక్కన పెడితే, ఆ దేశపు ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ పనికొచ్చేది పూత డిస్కు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. సాదా డిస్కును ఆ ఉప్పు తినేస్తుంది. వెనక కూడా డిస్కులుంటేనే గొప్ప అనుకునేవాళ్లకు ఒక్క మాట: అక్కడ పెద్ద పేరున్న షెవర్లే సిల్వరాడో 1500కు 2005లో వెనక డిస్కులు తీసేసి మళ్లీ డ్రమ్ములు పెట్టారు.

మనకు మంచు లేదు, ఉప్పు ఉంది. భీమవరం, కైకలూరు వైపు రొయ్యలు, చేపలు మోసే పికప్‌ల వెనక నడిచి చూడండి. ఐసు కరిగిన నీళ్లు, చెరువు ఉప్పునీళ్లు చెక్కల సందుల్లోంచి నేరుగా ఇరుసు మీదికి, డ్రమ్ముల మీదికి, బ్రేకు పైపుల మీదికి ధారగా కారుతుంటాయి. విశాఖ, కాకినాడ రేవుల దగ్గర తిరిగే బండ్లకు గాలే ఉప్పు. రెండు రోజులు నిలబెడితే డిస్కు మీద ఎర్రటి పొర, టోపీ చుట్టూ పొలుసులు. పూత డిస్కు మన దగ్గర పనికొచ్చేది ఈ బండ్లకే. దానితోపాటు బ్రేకు ఇనుప పైపుల్ని కింద పడుకుని టార్చిలైటుతో చూడాలి. పైపు పుచ్చిపోయిన బండికి కొత్త డిస్కులు వేయడమంత వెర్రి ఇంకోటి లేదు.

మరి ఎప్పుడు వేయించాలి?

డిస్కు కనీస మందానికి దిగితే, పగులు కనపడితే, నీలం తిరిగితే తప్పకుండా మార్చాలి. రెండు వైపులా ఒకేసారి, కొత్త ప్యాడ్లతో. అప్పుడు కూడా ఎంచుకోవాల్సింది బండి కంపెనీ ఇచ్చే సాదా డిస్కు, లేదా ఆ కంపెనీకే సరఫరా చేసే పేరున్న తయారీదారుది. ఒరిజినల్‌కు లోపల గాలి దారులుంటే కొత్తదానికీ అవి ఉండాలి. బరువు కూడా ఒకసారి చేతిలో పట్టి చూడండి. పాతది అరిగిపోయి ఉన్నా కొత్తదానికన్నా బరువు తూగితే ఆ కొత్తది తిరిగిచ్చేయండి.

అదే కంపెనీ ఎక్కువ లోడు మోడల్‌కు వాడే పెద్ద డిస్కు, దాని క్యాలిపర్, బ్రాకెట్ మొత్తం సెట్టుగా వేయించడం ఇంకో దారి. డిస్కు మార్చడం వల్ల పట్టు నిజంగా పెరిగేది అలా చేస్తేనే. కానీ చక్రం లోపల అది పడుతుందా, మాస్టర్ సిలిండర్ సరిపోతుందా, ముందు బ్రేకు పెరిగి వెనక బ్రేకుతో పొంతన చెడుతుందా అన్నవి తేల్చుకోవాలి. తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనం ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. అంత ఖర్చు పెట్టే ఉద్దేశం ఉంటే పాతది అమ్మి ఎక్కువ లోడు మోసే బండి కొనుక్కోవడమే తెలివైన బేరమని నా అభిప్రాయం.

కొత్త డిస్కు వేశాక పని అయిపోలేదు. తుప్పు పట్టకుండా దానికి పూసి పంపే నూనెను బ్రేకు క్లీనరుతోనో సబ్బునీళ్లతోనో శుభ్రంగా కడగాలి. డీజిలు గుడ్డతో తుడిస్తే ప్యాడ్ ఆ జిడ్డు పీల్చుకుంటుంది. తర్వాత ఖాళీ రోడ్డు చూసుకుని, 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు ఓ మోస్తరుగా బ్రేకు వేయాలి. మధ్యలో చల్లారడానికి కాస్త నడపాలి. ప్యాడ్ పదార్థం సన్నని పొరగా డిస్కు మీద సమంగా పడేది అప్పుడే. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఘాట్ కిరాయి ఒప్పుకోకపోవడం మంచిది.

ఇంకో అలవాటు మానాలి. ఘాట్ కింద బండి ఆపి, పొగలు కక్కే చక్రాల మీద బకెట్టుతో నీళ్లు కొట్టడం. కాలిన పోతఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. మెల్లగా రెండు మూడు కిలోమీటర్లు నడిపితే గాలే చల్లారుస్తుంది.

ఖర్చులేని పని కూడా ఒకటుంది. లోడుతో 80లో వెళ్తున్న బండి, ఓ మోస్తరు పట్టున్న రోడ్డు మీద బ్రేకు వేశాక ఆగడానికి సుమారు 42 మీటర్లు తీసుకుంటే, 70లో వెళ్తే 32 మీటర్లలో ఆగుతుంది. పది మీటర్లు తగ్గించే డిస్కు ఏ దుకాణంలోనూ లేదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు అదే గేరులో దిగమని పాత డ్రైవర్లు చెప్పేదీ ఇందుకే. టైరు నున్నబడి ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. చక్రం లాక్ అయ్యాక బండిని ఆపేది టైరే.

కాబట్టి నా తీర్పు ఇది. పాత పికప్‌కు చిల్లుల డిస్కులు వద్దు. గాట్ల డిస్కులు రోజూ ఘాట్ దిగే కొద్దిమందికే, అదీ మిగతా పనులన్నీ అయ్యాకే. ఉప్పునీళ్ల బండ్లకు పూత డిస్కులు కొనండి. మిగతా అందరికీ మంచి సాదా డిస్కు, ఎఫ్ఎఫ్ ప్యాడ్లు, కొత్త ఆయిల్, సర్దిన డ్రమ్ములు, కదిలే ఎల్‌ఎస్‌పీవీ కడ్డీ చాలు. మీ బండి బ్రేకు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తు రాకపోతే, ఈ వారం ముందుగా ఆ ఒక్క పని చేయించండి.